లాటరీ పైసలతో సర్కారు బడి బాగుపడుతుందా? ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైనవాడిగా నా జవాబు

పరకాల దగ్గర ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో పనిచేస్తున్న యువ ఉపాధ్యాయుడు ఇలా అడిగారు: "కేరళ ప్రభుత్వం ఎన్నో ఏళ్లుగా లాటరీ నడుపుకుంటోంది. మన దగ్గర జనం ఎలాగూ మట్కాలో, పేకాటలో, బెట్టింగ్ యాప్‌లలో పైసలు పోగొట్టుకుంటున్నారు. ఆ డబ్బేదో ప్రభుత్వమే లాటరీ పెట్టి తీసుకుని, ప్రతి పైసా సర్కారు బడులకే ఖర్చు చేయాలని చట్టం చేస్తే తప్పేముంది?"

ఈ ప్రశ్న వెనక ఉన్న బాధ నాకు బాగా తెలుసు. మా ఆవిడ ఇరవై ఆరేళ్లు ఎస్‌జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా పనిచేసింది. చాక్‌పీసు డబ్బాలు, చీపుర్లు, బల్బులు, చివరికి పిల్లలకు పరీక్ష అట్టలు కూడా తన జీతంలోంచే కొనేది. అలాంటి చోట రోజంతా గడిపే మనిషికి డబ్బు ఏ దారిన వచ్చినా ఫర్వాలేదు, వస్తే చాలు అనిపిస్తుంది. కాబట్టి మీరు అడిగినదాన్ని నేను తప్పుపట్టను.

నేను స్థానిక సంస్థల లెక్కలు తనిఖీ చేసే శాఖలో పనిచేసి హనుమకొండలో రిటైరయ్యాను. పంచాయతీలు, మున్సిపాలిటీలు, మార్కెట్ కమిటీలు, ఇలా ఉత్తర తెలంగాణలో నేను తిరగని పట్టణం లేదు. నా జవాబు ముందే చెప్పేస్తాను: వద్దు. జూదం చెడ్డది కాబట్టి వద్దు అనే మాట అందరికీ తెలిసిందే, దాన్ని పక్కన పెడదాం. బడి పేరు చెప్పి వసూలు చేసిన డబ్బు బడికి అదనంగా చేరదు. నా సర్వీసులో ఇది చాలాసార్లు కళ్లారా చూశాను. ఒక్కటి చెప్తాను.

ఇరవై ఏళ్ల కిందటి మాట. మన ప్రాంతంలోనే ఒక మున్సిపాలిటీ ఆడిట్‌కు వెళ్లాం. ఇంటి పన్ను కట్టే ప్రతి ఒక్కరి దగ్గరా పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు తీసుకుంటారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం వచ్చిన సెస్సు అది. మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఇంతకంటే స్పష్టంగా "ఈ పైసా దీనికే" అని రాసిన చట్టం ఇంకొకటి ఉండదు. డీసీబీ రిజిస్టర్, అంటే ఎవరు ఎంత పన్ను కట్టాలి, ఎంత కట్టారు, ఎంత బాకీ అని రాసే పుస్తకం తెరిచాను. సెస్సుకు వేరే కాలమ్ ఉంది. ఒక రేకుల ఇంటాయన 150 రూపాయల పన్ను, 12 రూపాయల సెస్సు కట్టినట్టు ఉంది. వీధి వీధి అలాగే ఉంది, కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థకు పంపిన చలానాలు చూపించమంటే మాత్రం అకౌంటెంటు బీరువా వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏళ్ల తరబడి ఒక్క చలానా లేదు.

డబ్బు ఎవరూ తినలేదు, అది కూడా చెప్పాలి. సెస్సంతా జనరల్ ఫండ్‌లో కలిసిపోయింది. అందులోంచి పారిశుధ్య కార్మికుల జీతాలు ఇచ్చారు, వీధి దీపాల కరెంటు బిల్లు కట్టారు. "సార్, కార్మికులు సమ్మెకు దిగితే ఊరంతా కంపు కొడుతుంది. లైబ్రరీ ఒక నెల ఆగితే ఎవరూ ధర్నా చేయరు కదా" అన్నాడు అక్కడి అధికారి. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాడినేమో.

ఆ సాయంత్రం లైబ్రరీకి వెళ్లాను. ఒకే హాలు, రెండు ట్యూబ్‌లైట్లు. గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ పరీక్షకూ చదువుకునే పిల్లలు గోడ వారగా కూర్చున్నారు. కుర్చీలు లైబ్రరీవి కావు. ఎవరి ప్లాస్టిక్ కుర్చీ వాళ్లే ఇంటి నుంచి తెచ్చుకున్నారు, మారిపోకుండా వెనక పెయింట్‌తో పేర్లు రాసుకున్నారు. ఆ ఊళ్లో ప్రతి ఇల్లూ ఏటా లైబ్రరీ కోసమని డబ్బు కడుతూనే ఉంది. నేను ఆడిట్ అభ్యంతరం రాశాను. మరుసటి ఏడాది మళ్లీ వెళ్తే అదే అభ్యంతరం "పెండింగ్" అని ఉంది.

చిన్న ఊరు కాబట్టి అలా జరిగిందనుకోకండి. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు విద్యా సెస్సు కూడా కడతారు. 2004లో పన్ను మీద 2 శాతంతో మొదలైంది. 2007లో సెకండరీ, ఉన్నత విద్య కోసమని ఇంకో 1 శాతం కలిపారు. ఆ 1 శాతం కింద పదేళ్లలో 80 వేల కోట్లకు పైగా వసూలైతే, దాన్ని వేరుగా పెట్టాల్సిన నిధినే తెరవలేదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ బయటపెట్టింది. డబ్బు కేంద్రం ఆదాయమంతా చేరే సంచిత నిధిలోనే ఉండిపోయి మామూలు ఖర్చుల్లో కలిసిపోయింది. 2017లో గానీ ఆ నిధికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇవ్వలేదు. దేశం మొత్తం చూస్తుండగా, పార్లమెంటు ఆమోదించిన సెస్సుకే ఈ గతి పట్టింది. లాటరీ డబ్బుకు వేరే గతి పడుతుందని నేను అనుకోను.

"సరే, నిధి తెరిచి, లెక్క పక్కాగా రాస్తే?" అని అడుగుతారు. అమెరికాలో ఆ పని చేశారు. అక్కడ రాష్ట్ర లాటరీల కథ మొదలైందే బడి పేరుతో. 1964లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం చదువు కోసమని లాటరీ పెట్టింది. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి, ఈరోజు 45 రాష్ట్రాల్లో లాటరీలున్నాయి. కాలిఫోర్నియా 1984లో ప్రజల ఓటుతో తెచ్చుకుంది, బడులకు ఇస్తామన్న మాట మీదే అది గెలిచింది. అక్కడ లెక్కలు మన మున్సిపాలిటీలో లాగా ఉండవు. డబ్బు చేరాల్సిన ఖాతాకే చేరుతుంది. కానీ బడుల మొత్తం ఖర్చులో లాటరీ వాటా 1, 2 శాతం దగ్గరే ఉండిపోయింది. అక్కడి పరిశోధకులు చాలా రాష్ట్రాల్లో గమనించింది ఇంకొకటి ఉంది. లాటరీ డబ్బు ఒక చేత్తో వస్తుంటే, శాసనసభ రెండో చేత్తో మామూలు బడ్జెట్లోంచి బడికి ఇచ్చేది తగ్గిస్తూ వచ్చింది. చట్టాన్ని ఎక్కడా తప్పలేదు, పైసా పక్కదారి పట్టలేదు, అయినా బడికి మిగిలింది పాత మొత్తమే.

దీన్ని ఇంటి భాషలో చెప్తాను. మీరు నెలనెలా అమ్మకు మందుల కోసం 3 వేలు పంపుతున్నారు. ఒకరోజు తమ్ముడు "ఇకనుంచి మందులకు నేను వెయ్యి పంపుతా" అన్నాడు. మీరు 2 వేలే పంపడం మొదలుపెట్టారు. తమ్ముడి వెయ్యి అచ్చంగా మందులకే పోతోంది, రసీదు కూడా ఉంది. అమ్మకు అదనంగా వచ్చింది సున్నా. పైగా ఇప్పుడు ఊరంతా "తమ్ముడే అమ్మను చూసుకుంటున్నాడు" అంటుంది. అమెరికాలో అచ్చంగా ఇదే జరిగింది. లాటరీ ఉంది కదా, బడికి ఇంకా పన్నులు ఎందుకు అని జనం అడగడం మొదలుపెట్టారు.

ఇక కేరళ. మన దేశంలో మొదటి లాటరీ శాఖ వాళ్లదే. 1967లో పెట్టారు. మొదటి డ్రా 1968 జనవరి 26న తీశారు. టికెట్ రూపాయి, మొదటి బహుమతి 50 వేలు. ఇప్పుడు అమ్మకాలు ఏడాదికి 12 వేల కోట్ల దాకా ఉంటున్నాయి. ఆ అంకె చూసి మనవాళ్లు ఆశపడుతున్నారు. కానీ అది అమ్మకం, ఆదాయం కాదు. అందులో సగానికి పైగా బహుమతులకే పోతుంది, ఆపైన ఏజెంట్ల కమీషన్. ఇంకో మాట, కేరళ బడులు బాగుండటానికి లాటరీ కారణం కాదు. తిరువాన్కూరు రాణి 1817లోనే చదువు ఖర్చు రాజ్యమే భరించాలని ప్రకటన ఇచ్చింది. లాటరీ వచ్చేనాటికి ఆ పునాది వేసి నూటయాభై ఏళ్లు.

మన రాష్ట్రానికి లెక్క వేద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి. 50 రూపాయల టికెట్ అనుకుందాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి లాటరీ మీద జీఎస్టీ 40 శాతం. 50 రూపాయల్లోనే పన్ను కలిపి ఉంటుంది కాబట్టి అందులో పన్ను 14 రూపాయల 30 పైసల దాకా పోతుంది. దాంట్లో సగం కేంద్రానికి, సగం మనకు, అంటే మన చేతికి 7 రూపాయల 15 పైసలు. మిగిలిన 35 రూపాయల 70 పైసల్లో బహుమతులకు 25 అయినా ఇవ్వకపోతే ఎవరూ కొనరు. ఏజెంటుకు, చిల్లరగా అమ్మేవాడికి, ప్రింటింగ్‌కు, ప్రచారానికి 8 రూపాయలు వేద్దాం. ఇంకా మిగిలేది 2 రూపాయల 70 పైసలు. పన్ను వాటా కలిపితే 50 రూపాయల టికెట్ మీద రాష్ట్రానికి 10 రూపాయల లోపే. బహుమతి, కమీషన్ అంకెలు నేను వేసుకున్నవి, కొంచెం అటూ ఇటూ జరపండి. పెద్ద తేడా రాదు.

అంటే బడులకు వెయ్యి కోట్లు కావాలంటే జనం చేత 5 వేల కోట్ల టికెట్లు కొనిపించాలి. మన రాష్ట్రంలో కోటికి పైగా కుటుంబాలున్నాయి. ఒక్కో కుటుంబం సగటున ఏడాదికి నాలుగైదు వేల రూపాయల టికెట్లు కొనాలి. కొననివాళ్లు సగం మంది ఉంటే, కొనేవాళ్ల మీద రెట్టింపు పడుతుంది. ఇంత చేసినా వచ్చే వెయ్యి కోట్లు ఎంత? 2025-26 రాష్ట్ర బడ్జెట్లో విద్యకు పెట్టింది 23,108 కోట్లు. నూటికి నాలుగు రూపాయల పైచిలుకు.

కొనేవాళ్లు ఎవరు అన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతుంది. "ఎవరినీ బలవంతం చేయట్లేదు కదా, ఇష్టమున్నవాళ్లే కొంటారు" అంటారు. మా పాత ఆఫీసులో ఒక అటెండర్ ఉండేవాడు. చాలా మంచి మనిషి. మన దగ్గర బస్టాండ్ల ముందు తాడుకు క్లిప్పులతో లాటరీ టికెట్లు వేలాడదీసి అమ్మే రోజులు అవి. జీతం రోజు మధ్యాహ్నం అన్నానికి వెళ్లినట్టే వెళ్లి టికెట్లు కొనుక్కొచ్చేవాడు. వాటిని చొక్కా జేబులో పెట్టుకోడు, మడత పడతాయని ఫైలు అట్ట మధ్యలో పెట్టేవాడు. పేపర్లో నంబర్లు వచ్చిన రోజు ఒక స్కేలు తీసుకుని లైను కింద లైను ఆనించి చూసుకునేవాడు. కూతురి పెళ్లికి అప్పు చేశాడు. ఆ అప్పు తీరే దారి జీతంలో ఎక్కడా కనపడలేదు, అందుకని కొనేవాడు. సరదాకు కొన్నట్టు నేను ఒక్కరోజూ చూడలేదు. మా ఆఫీసర్లలో నెలనెలా టికెట్ కొన్నవాళ్లు ఎవరూ లేరు. వాళ్లకు అవసరం లేదు.

రేపు ప్రభుత్వం టికెట్ పెడితే వరంగల్ ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ, సిరిసిల్లలో మరమగ్గం కార్మికుడు, జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే అక్క, వీళ్లే కొంటారు. వీళ్ల పిల్లలే సర్కారు బడిలో చదివేది. పిల్లల్ని కార్పొరేట్ స్కూలుకు పంపేవాళ్లు చదువు ఖర్చులో తమ వంతు పన్నును తగ్గించుకుని, ఆ భారాన్ని సర్కారు బడి పిల్లల తల్లిదండ్రుల మీదే వేసినట్టవుతుంది. ఈ ఒక్క కారణం చాలు నాకు, మిగతావన్నీ లేకపోయినా.

చట్టం వైపు ఒక చిక్కుంది, చాలామందికి తెలియదు కాబట్టి చెప్పాలి. రాష్ట్రాల లాటరీలు 1998 నాటి కేంద్ర చట్టం కింద నడుస్తాయి. ఇతర రాష్ట్రాల టికెట్లను తన దగ్గర అమ్మకుండా నిషేధించే అధికారం ఆ చట్టం 5వ సెక్షన్ ప్రతి రాష్ట్రానికీ ఇచ్చింది. కానీ 1999లో సుప్రీంకోర్టు దానికి ఒక షరతు పెట్టింది. తాను లాటరీ నడపని రాష్ట్రమే ఇతరుల లాటరీని ఆపగలదు. మన లాటరీ మనం మొదలుపెట్టిన రోజు నుంచి ఈశాన్య రాష్ట్రాల పేరు మీద తిరిగే టికెట్లకు కూడా గేటు తెరిచినట్టే. ఆ టికెట్లతో కేరళ ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడింది. వాటి లాభం మన బడికి రాదు, నష్టం మాత్రం మన ఇళ్లలోనే. ఆన్‌లైన్ జూదాన్ని మనం 2017లోనే గేమింగ్ చట్టం సవరించి నిషేధించాం. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపేసింది. బెట్టింగ్ అప్పులతో చనిపోయిన పిల్లల వార్తలు జిల్లా పేజీల్లో ఇప్పటికీ చదువుతున్నాం. ఇటు ఫోన్లో ఆడితే నేరమని చెప్తూ, అటు బస్టాండ్‌లో "బడి కోసం కొనండి" అని మైకు పెట్టించడం ఏ టీచరూ పిల్లలకు వివరించలేడు.

ఇంకో భయం ఉంది నాకు. ప్రభుత్వం ఒక ఆదాయానికి అలవాటు పడిందంటే దాన్ని వదులుకోలేదు. మన కళ్ల ముందే ఉంది. 2023లో రాష్ట్రంలో 2,620 మద్యం షాపులకు లక్ష ముప్పై వేల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి తిరిగి రాని ఫీజు 2 లక్షలు. ఒక్క సీసా అమ్మకముందే 2,600 కోట్లకు పైగా వచ్చింది. 2025లో ఫీజు 3 లక్షలు చేశారు, దరఖాస్తులు తగ్గినా రాబడి పెరిగింది. షాపులు ఇచ్చేది కూడా లక్కీ డ్రా తీసే. అంత డబ్బు వచ్చే చోట బెల్టు షాపు మూయించండని ఊరి ఆడవాళ్లు అడిగితే ఎంత వింటున్నారో మీకు తెలుసు.

ఉమ్మడి రాష్ట్రంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడిన ఆడవాళ్లకు ఆ ధైర్యం వచ్చింది రాత్రి బడిలో. అక్షరాస్యత ఉద్యమంలో చదువుకున్న పాఠాల్లోంచే ఆ మాట పుట్టింది. 1992లో మొదలైన ఆ పోరాటం వల్ల 1995లో మద్య నిషేధం వచ్చింది. రెండేళ్లు దాటగానే 1997లో ఎత్తేశారు, ఖజానాకు గండి పడుతోందని. రేపు బడి జీతాలు లాటరీ మీద ఆధారపడితే లాటరీ వద్దనే తల్లితో ప్రభుత్వం ఏమంటుందో ఊహించండి. "మీ పిల్లల బడే మూతపడుతుందమ్మా" అంటుంది.

లాటరీ ఆదాయం నిలకడగా ఉండదు కూడా. 2020 లాక్‌డౌన్‌లో కేరళ డ్రాలు రెండు నెలలకు పైగా ఆగిపోయాయి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల చదువు 21ఏ అధికరణ కింద ప్రాథమిక హక్కు. దాన్ని డ్రా తేదీలకు ముడిపెట్టకూడదు.

ఎక్కడా మేలు జరగలేదా అంటే, జరిగింది. అమెరికాలో జార్జియా రాష్ట్రం 1993 నుంచి లాటరీ డబ్బుతో కాలేజీ స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. కేరళ కారుణ్య లాటరీ ద్వారా ఎంతోమంది పేద రోగులకు వైద్య సాయం అందింది. ఈ రెండిట్లో ఒక పోలిక ఉంది. డబ్బు అంతకుముందు లేని కొత్త పనికి వెళ్లింది, పేరున్న మనిషి చేతికి చేరింది. రాకపోతే ఆ మనిషి అడుగుతాడు. బడి ఖర్చు అలాంటిది కాదు. సింహభాగం జీతాలు, అవి ఎలాగూ ప్రభుత్వం ఇస్తున్నవే. కాబట్టి కొత్త డబ్బు పాత డబ్బు స్థానంలోకి జరిగిపోవడం చాలా సులువు. జార్జియాలో కూడా టికెట్లు ఎక్కువగా పేదలు కొంటే, మార్కుల మీద ఇచ్చే స్కాలర్‌షిప్‌లు ఎక్కువగా మధ్యతరగతి పిల్లలకు వెళ్లాయన్న విమర్శ ఉంది.

మరి బడికి డబ్బు ఎలా? 3,04,965 కోట్ల బడ్జెట్లో విద్యకు 23,108 కోట్లంటే నూటికి ఏడున్నర. అదే నూటికి ఇంకో రూపాయి పెరిగితే 3 వేల కోట్లకు పైగా వస్తుంది, ఏ లాటరీ కూడా అంత ఇవ్వదు. ఉపాధ్యాయ సంఘాలు అడగాల్సింది "విద్య వాటా ఇంతకు తగ్గకూడదు" అనే కనీస హామీ. అది లేకుండా ఎన్ని సెస్సులు, ఎన్ని నిధులు పెట్టినా తమ్ముడి వెయ్యి రూపాయల కథే.

రెండోది, ఇచ్చిన డబ్బు ఎప్పుడు ఇచ్చారన్నది. సర్కారు బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25 వేల రూపాయల గ్రాంటు. జూన్‌లో బడి తెరిచేనాటికి ఆ 25 వేలు చేతిలో ఉంటే మీ చాక్‌పీసుల సమస్య చాలావరకు తీరుతుంది. మార్చి నెలలో లిమిట్ (ఇంతవరకు ఖర్చు చేసుకోవచ్చనే అనుమతి) పడితే బిల్లులు పెట్టేలోపే 31వ తేదీ వచ్చేస్తుంది, మిగిలింది వెనక్కి పోతుంది. ట్రెజరీ బిల్లులదీ అదే తీరు. బిల్లు అందినట్టు టోకెన్ పడుతుంది, పైసలు పడవు. కాగితం మీద మంజూరైన డబ్బు బడి గడప తొక్కదు. కొత్త ఆదాయం వెతికేముందు ఈ ఆలస్యాన్ని పట్టుకోవాలి. ఇది పట్టుకోవడం మీ చేతుల్లో కూడా ఉంది.

మీ హెడ్‌మాస్టర్ గారిని అడిగి గత మూడేళ్లలో ప్రతి గ్రాంటుకూ నాలుగు తేదీలు రాయండి: ఉత్తర్వు వచ్చిన తేదీ, లిమిట్ పడిన తేదీ, బిల్లు పెట్టిన తేదీ, డబ్బు చేతికొచ్చిన తేదీ. మీ మండలంలో ఓ పది బడుల నుంచి ఇదే పట్టిక సేకరించండి. లేని తేదీలకు సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో నేను రాసిస్తాను. ఆదివారాల్లో నేను హనుమకొండలో ఇంట్లోనే ఉంటాను. పట్టిక తీసుకుని రండి, కూర్చుని చూద్దాం.